పాతిన పొయ్యి

ఆ మట్టిగడ్డ నాదే. పగలగొట్టి తెచ్చి, బల్ల మీద పాత పేపరు పరిచి, దొంగసొత్తు పెట్టినట్టు పెట్టారు గాని అది నా పొయ్యికి ఎడమ భుజం. తడిమట్టి మీద నేను చెయ్యి దువ్వినప్పుడు పడ్డ నాలుగు వేళ్ల చాళ్లు ఎండిపోయి అలాగే ఉన్నాయి, ఈ వెనక తలుపు దగ్గరికి కూడా కనబడుతున్నాయి, లేక నా ఒక్కదానికే కనబడుతున్నాయో ఏమో, పక్కనున్న ఆడవాళ్లెవరూ దాని వంక చూడడం లేదు, అందరూ గేటు వంక చూస్తున్నారు, తాసిల్దారు జీపు కోసం. ఒంటిగంటకు వస్తానన్నాడట. ఎండాకాలం ఒంటిపూట బడి, పిల్లల్ని వదిలేశారు, హాలులో ఇంకా వాళ్ల చెమట వాసన, సుద్దముక్కల వాసన, కిటికీలోంచి ఫ్యాక్టరీ వైపు గాలి తెచ్చే చెరుకు మడ్డి వాసన. బోధన్‌లో పుట్టినవాళ్లకు ఆ వాసన తెలియదట. నాకు ఐదేళ్లయినా పొద్దున లేవగానే గొంతులో తగులుతుంది. మగవాళ్లు బెంచీల మీద కూర్చున్నారు, మేము తలుపు దగ్గర గోనెపట్టాల మీద. ఒళ్లో పిల్ల, ఎస్తేరు, నాలుగు నెలలది, నిద్రపోతోంది, ముక్కులో గురగుర, ఒకటి, రెండు, ఇప్పుడొకటి ఆలస్యమైంది, ఆ, మూడు. దాని ఊపిరికీ ఊపిరికీ మధ్య దొరికిన సందులోనే నేను ఊపిరి తీసుకునేది.

ఇందాక ఓవర్సీరు లేచాడు, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, మా వైపు కాక గోడ మీది దేశం పటం వైపు చూస్తూ చెప్పాడు.

"తాసిల్దారు సాబ్ వచ్చినంక మొదటి సవాలు గిదే. తాళాలు ఇయ్యకముందే ఏడో నంబరు ఇంట్ల పొయ్యి పెట్టిందెవరు? పెట్టినోళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరొక్కటే కొట్టేస్తరు. ఎవ్వలు ఒప్పుకోకుంటే లిస్టంత రద్దయితది. ఇండ్లు దఫ్తర్ నౌకర్లకు పోతయి. మల్ల నన్ను అనొద్దు."

లిస్టులో ఇరవై నాలుగు పేర్లు. బడి వెనక సర్కారు జాగాలో రెండు వరసలుగా ఇరవై నాలుగు ఇండ్లు, ఒక గది, ఒక వరండా, రెండిళ్లకు కలిపి ఒక నల్లా. కిరాయిలో సగం బరువు సర్కారు మోస్తుందట, మిగిలిన సగం మాలాంటివాళ్లు, చెరుకు యార్డులో బండ్లు దించేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, మేస్త్రీల కింద మట్టి మోసేవాళ్లు. పదకొండో పేరు నాది. నా పెనిమిటి దేవయ్యది సీజను పని, ఫ్యాక్టరీ గానుగ ఆగితే ఆయన చేతులూ ఆగుతాయి, ఏడాది పొడుగునా మట్టి మోసేది నేను, అందుకని దరఖాస్తు నా పేరు మీదే పెట్టాం. ఆ ఇరవై నాలుగు ఇండ్లకూ మట్టి మోసిందీ నేనే, నాగవ్వా, ఇంకో ఆరుగురు ఆడవాళ్లమూ. నీళ్లు పోసి తడిపిన గోడలు, ఏ గోడ ఎక్కడ వంకర పోయి లింగం మేస్త్రి మళ్లీ పడగొట్టి కట్టాడో కళ్లు మూసుకుని చెప్పగలను. కట్టేటప్పుడు ఎవరూ మమ్మల్ని వద్దనలేదు. ఉంటామంటేనే వద్దంటున్నారు.

ముందు బెంచీలో బాపురావు కూర్చున్నాడు. తెల్లటి ధోవతి, మోకాలి మీద మడిచిన గొడుగు. బడి చుట్టూ ఉన్న ఈ కాలనీకి పెద్ద ఆయనే, ఆయనవి పదకొండు గదులు, అన్నీ కిరాయికిచ్చినవే, ఒక్కోదాంట్లో ఒక్కో సంసారం, పదకొండు సంసారాలకు ఒక్క బావి. అది ఎవరూ ఇక్కడ అనరు. ఆయన మాత్రం అందరికీ వినబడేలా పక్కవాడితో అంటున్నాడు.

"బీదోళ్ల మీద మాకేమన్న పగనా? కట్టుండ్రి, ఇంకెక్కడన్న కట్టుండ్రి. మా వాకిళ్ల ముంగట పొగ, లొల్లి ఎందుకంటున్న. ఏ ఊరోళ్లో, ఏ జాతోళ్లో. తాళంచెయ్యి రాకముందే పొయ్యి పెట్టిండ్రు. తాళంచెయ్యి వస్తే కొట్టం పెడ్తరు."

"కొట్టం పెట్టాలంటే బర్రె ఉండాలె గద పటేలా," నాగవ్వ కూర్చున్న చోటి నుంచే అంది. "ముందుగాల బర్రెనిప్పియ్యి. మొదటి జున్ను నీకే."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మగవాళ్లలోనూ ఒకరిద్దరు నవ్వి, బాపురావు తిరిగి చూసేసరికి దగ్గుగా మార్చుకున్నారు. నేను నవ్వలేదు. పిల్ల కదిలింది, రెప్పల కింద కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి, నాలుగు నెలల బిడ్డకు కలలో ఏం కనబడుతుంది, పొగ కనబడుతుందా, మా గదిలో కిటికీ లేదు, తలుపు తీస్తే వాకిట్లోకి పొగ వస్తోందని సుమిత్రమ్మ అంటుంది, తలుపు మూస్తే పిల్ల దగ్గుతుంది, నేను తలుపు తీయడానికీ మూయడానికీ మధ్య అన్నం వండుతాను. పొద్దున దేవయ్య డ్యూటీకి పోతూ చెప్పులేసుకుంటూ అన్నాడు, నా మొహం చూడకుండా, "నువ్వు సప్పుడు జెయ్యకు శారా. సీజనింక పది దినాలు. ఇల్లొక్కటి చేతికొస్తే సాలు. నోరు మూసుకున్నోళ్లకే దొరుకుతయి ఇండ్లు." ఆయన తప్పు చెప్పలేదు. నోరు మూసుకున్నవాళ్లకే దొరుకుతాయి. మేము ఐదేళ్లలో నాలుగు గదులు మారాం, నాలుగూ నోరు మూసుకునే సంపాదించాం.

సుమిత్రమ్మ కూడా వచ్చింది. కిటికీ దగ్గర కుర్చీలో, ఆడవాళ్లలో కుర్చీ ఆమె ఒక్కదానికే వేశారు. మా ఇంటామె. చెడ్డది కాదు. పండగనాడు పిలిచి గారెలు పెడుతుంది, ఆకులో పెట్టి గడప మీంచి వంగి, నా చేతికి తన చెయ్యి తగలకుండా జారవిడుస్తుంది, అయినా వేడివేడివే పెడుతుంది. మొదటిరోజు తాళం ఇస్తూ, మూడు వేళ్లు చూపించి చెప్పింది. "సూడమ్మా, నేను మంచిదాన్నే. మూడే మూడు మాటలు. పాతిన పొయ్యి, పురుడు, పీనుగ. గివి మూడు నా ఇంట్ల కావద్దు." అప్పటికి నాకది నాలుగో గది, నాలుగుచోట్లా ఇవే మాటలు, ఇంటివాళ్లందరూ ఒకే బడిలో చదివారేమో. పురుడంటే మైల, పీనుగంటే కీడు, అవి అర్థమయ్యాయి, పొయ్యి ఏం చేసిందని మొదటింటి ముసలాయన్ని అడిగాను. పొయ్యి పాతినోళ్లు పోరు బిడ్డా అన్నాడు. నేలలో పాతిన పొయ్యి చూస్తే నాలుగు రోజులకు ఇల్లు మాదే అనిపిస్తుందట మాకు. అందుకని మేస్త్రీ దగ్గర అడుగు చిల్లిపడ్డ ఇనుప తసల ఒకటి తెచ్చుకున్నాను, మట్టి మోసే తసలే, దాంట్లో మట్టి మెత్తి పొయ్యి చేసుకున్నాను, మోసుకుపోయే పొయ్యి. కొత్త గదికి పోయినప్పుడల్లా ఇంటివాళ్లు ముందు నా నెత్తి మీది తసల వంక చూసేవాళ్లు. చూసి నెమ్మదించేవాళ్లు. ఆ, లేపితే లేచేదే.

ఆ తసల పొయ్యి రెండేళ్లుగా సుమిత్రమ్మ ఇంట్లోనే ఉంది, వండుకున్నాక వాకిట్లో పెడతాను, రోజూ పొద్దున ముగ్గు వేస్తూ దాన్ని చూస్తుంది. దాని మీదా నాలుగు వేళ్ల చాళ్లే, అవే, పొయ్యి భుజం మీద పైనుంచి కిందికి దువ్విన చాళ్లు, మా అవ్వ నేర్పినవి, ఇటు ఎవరూ అట్లా దువ్వరు. ఇందాక బల్ల మీది గడ్డను చూసింది సుమిత్రమ్మ. తర్వాత నన్ను చూసింది. ఆమెకు తెలిసిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, పిల్ల బాగానే పీలుస్తోంది, నేనే మరిచిపోయాను. చెబుతుందా. ఒక్క మాట చాలు, బాపురావు ఆమెకు వరసకు బావ. ఆమె నోరు విప్పలేదు. పిల్ల వంక చూసి, చూపు కిటికీలోకి తిప్పుకుంది. ఎందుకు తిప్పుకుందో నాకు తెలుసు. ఈ పిల్ల తన ఇంట్లో పుట్టాల్సింది.

పుట్టనివ్వలేదు. డిసెంబరు, పొద్దుటిపూట, నొప్పులు మొదలవగానే ఆమే వచ్చి తలుపు దగ్గర నిలబడింది, తిట్టలేదు, చేతులు పిసుక్కుంటూ, "శారమ్మా, ముందే జెప్పిన గదనే, నా మీద పడెయ్యకు, లేవే, లేవే తల్లీ," అంది, ఏడ్చినంత పని చేసింది, నన్ను వెళ్లగొడుతూ ఆమెకే ఏడుపు వచ్చింది. దేవయ్య యార్డుకు పరుగెత్తి, చెరుకు దించేసి చందూరుకు తిరిగిపోతున్న బండిని ఆపుకొచ్చాడు, మా ఊరి రాజలింగు బండి. ఖాళీ బండిలో చెరుకాకు పరిచి నన్ను పడుకోబెట్టారు. చందూరు పోతే అవ్వ ఉంది. చందూరు చేరలేదు. వర్ని తొవ్వలో చెరుకు తోటల పక్కన పిల్ల ఆగనంది. రాజలింగు ఎద్దుల కొమ్ములు పట్టుకుని, మొహం ఆకాశానికి పెట్టి, గట్టిగా, ఎందుకో, ఎద్దులను తిడుతూ నిలబడ్డాడు, అవి కదలడం లేదు, అయినా తిడుతూనే ఉన్నాడు. చెరుకు కొట్టడానికి మరాఠీ దేశం నుంచి వచ్చినవాళ్ల గుడిసెల్లోంచి ఒక ముసలమ్మ దిగివచ్చింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఘాబరు నకో, ఘాబరు నకో అంటూనే, భయపడకు అనేమో, ఒక్క చేత్తో నా పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో తొవ్వ పక్క రాళ్లు మూడు దగ్గరికి జరిపింది. మూడు రాళ్లు, గుప్పెడు చెరుకాకు, ఒక చెంబు నీళ్లు. ఆ భూమి ఎవరిదో ఆమె అడగలేదు. ఇక్కడ పొయ్యి పెట్టొచ్చునా అని అడగలేదు. నీళ్లు వేడెక్కాలి, పిల్లను కడగాలి, అంతే. నేను నొప్పిలో తల తిప్పి ఆ మూడు రాళ్లనే చూశాను, ఇప్పుడు కళ్లు మూసుకుంటే పిల్ల మొదటి ఏడుపు కన్నా ముందు అవే కనబడతాయి.

ఇరవై ఒక్క రోజుల తర్వాత, పురుడు కడిగి రమ్మంటే తిరిగి వచ్చాం. వాకిట్లో నా తసల బోర్లా వేసి ఉంది. కుక్కలు ముట్టకుండా సుమిత్రమ్మే బోర్లించిందట. చెడ్డది కాదు అంటున్నాను కదా. మంచివాళ్లు ఇంత చేస్తే చెడ్డవాళ్ల సంగతి ఎందుకు.

గేటు దగ్గర చప్పుడైంది, జీపు కాదు, ఎవరిదో సైకిలు. బాపురావు గడియారం తీసి చూసుకున్నాడు. లేచి బల్ల దగ్గరికి పోయి గడ్డను గొడుగు కొనతో ఇటు తిప్పాడు, లోపలి వైపు పైకి వచ్చింది, అందులో పీచు పీచుగా చెరుకు పిప్పి. అది మా అవ్వ గుట్టు. అవ్వ పేరు కమలమ్మ, చందూరులో మా వాడకంతా పొయ్యిలు పెట్టేది ఆమే, మట్టిలో అందరూ వడ్లపొట్టు కలిపితే అవ్వ మాత్రం బెల్లపు గానుగల కాడ నుంచి పిప్పి తెచ్చి నానబెట్టి కలిపేది, పొట్టు కలిపిన పొయ్యి పగులుతది, పిప్పి కలిపిన పొయ్యి మనుమరాలి దాక ఉంటది అనేది. ఆమెదే ఇంకో మాట కూడా ఉంది. కొత్తింట్లో మొదటి పొయ్యి పాలిచ్చే తల్లి పెట్టాలె, ఆ ఇంట్ల కుండ బోర్లపడదు అని. ఎవరింట్లో కొత్త పొయ్యి అయినా, చంకలో బిడ్డ ఉన్న ఆడది ఎవరైతే వాడలో ఉందో ఆమెను పిలుచుకొచ్చి చెయ్యి పెట్టించేది, మిగతాది తాను పూర్తి చేసేది. మిషన్ హాస్టలు నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఇవన్నీ చూసి, ఇది మన మతంలో లేదు గదనే అవ్వా అంటే, పొయ్యికి మతమేందే, ఆకలికి ఉన్నదా అంది. హాస్టలులో నేను ఏడో తరగతి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని టీచరమ్మ డిక్టేషను పలక అందరికీ తిప్పి చూపించేది. ఆ ఏడు చెరుకు తోటలో మా నాయనను పాము ముట్టింది, బతకలేదు. సగం సంవత్సరంలో అవ్వ వచ్చి తీసుకుపోయింది, ట్రంకుపెట్టె తానే నెత్తిన పెట్టుకుంది, తొవ్వంతా మాట్లాడలేదు, వర్ని దాటినాక మాత్రం, "అచ్చరాలు వచ్చినయి గద, అవి ఎవ్వలు గుంజుకోరు తియ్యి," అంది.

గుంజుకున్నారు అవ్వా. ఈ ఇండ్ల కోసం మొదటి దరఖాస్తు పెట్టిననాడే. మునిసిపాలిటీ వరండాలో దరఖాస్తులు రాసే ఆయన దగ్గర కూర్చున్నాను, ఒళ్లో పిల్ల, వెనక పొడుగాటి వరుస. ఆయన అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. పేరు. పెనిమిటి పేరు. పని. ప్రస్తుత నివాసం. అక్కడ ఆగాను. సుమిత్రమ్మ ముందే చెప్పింది, మా ఇంటి నంబరు రాయించకు, కిరాయికిచ్చినమని తెలిస్తే పన్నుకొస్తరు అని. ఇంకేం రాయించను. ఏమని రాయాలె అని ఆయన రెండోసారి అడిగాడు, వెనక వాళ్లు తోస్తున్నారు, నేను మాట్లాడలేదు, ఆయన విసుగ్గా తానే రాసేశాడు. నివాసము: లేదు. తలకిందులుగా ఉన్నా చదివాను. చదువుతుండగానే ఆయన నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితానికి ఒత్తేశాడు, నీకు సంతకం వచ్చునా అని అడగనే లేదు. నాకు వచ్చని నేనూ చెప్పలేదు. ఆ నల్లటి మచ్చ మూడు రోజులు పోలేదు. ఆ వేలితోనే పిల్లకు కాటుక పెట్టాను.

లేదు. ఐదేళ్లు ఈ ఊళ్లో వండాను, తిన్నాను, కన్నాను, లేదు.

అందుకని పెట్టానా ఆ పొయ్యి? కాదు. అబద్ధం ఆడను. అట్లా అనుకుని పెట్టి ఉంటే ఇంకా గొప్పగా ఉండేది. పనికి ఆఖరి రోజది, సున్నాలు అయిపోయాయి, లింగం మేస్త్రి తాపీ కడుక్కుని గోతాములో పెట్టేసుకున్నాడు. ఏడో నంబరు ఇల్లు ఊడ్చి రమ్మంటే పోయాను. వెనక గుమ్మం దగ్గర తడిమట్టి కుప్ప ఒకటి మిగిలి ఉంది, పక్కన అరముక్కల ఇటుకలు, పొలాల వైపు నుంచి కొట్టుకొచ్చిన చెరుకు పిప్పి గోడవారన. పిల్ల చీరె ఉయ్యాలలో ఏడ్చింది, తీసి పాలిచ్చాను, అక్కడే నేల మీద కూర్చుని. పాలిస్తూ చుట్టూ చూశాను. గోడలున్నాయి, కప్పు ఉంది, తలుపుంది. పొయ్యి లేదు. కాగితం మీద గీసినవాళ్లు నిలబడటానికి జాగా గీశారు, పడుకోవడానికి గీశారు, వండటానికి గీయలేదు. వండనివాళ్లు గీశారు మరి. వరండాలో వండుకోమనేమో, ఫ్యాక్టరీ వైపు గాలి కొడితే పొగంతా గదిలోకి, లేకపోతే నేరుగా కాలనీ వాకిళ్లలోకి. వెనక కిటికీ కింద మూలన పెడితే పొగ చెరుకు తోటల మీదికి పోతుంది, ఎవరికీ తగలదు. అది తట్టగానే చెయ్యి మట్టిలోకి పోయింది. ఇది ఎవరి ఇల్లో నాకు తెలియదు, చిట్టీలు తీసి పంచుతారట, ఎవరికి ఏది వస్తుందో. ఎవరికొస్తేనేం, కొత్తిల్లు, నేను పాలిచ్చే తల్లిని, మట్టి తడిగా ఉంది. పిల్లను చంకలోకి మార్చుకుని ఒక్క చేత్తో పెట్టాను. ఐదేళ్ల తర్వాత నేలలో పాతిన మొదటి పొయ్యి. నేల మెత్తగా తీసుకుంది. దువ్వి, దువ్వి, ఎడమ భుజం మీద చెయ్యి ఇంకా ఉండగానే నాగవ్వ గుమ్మంలోకి వచ్చి, "ఓసి నీ పాసుగూల, ఏం జేస్తున్నవే?" అంది. అప్పుడు చూసుకున్నాను, ఏం చేస్తున్నానో.

ఆ నాగవ్వే ఇప్పుడు నా చెవి దగ్గరికి వంగింది, తమలపాకు వాసన. "నువ్వు కదలకు. అడగంగనే నేను లేస్త. నేను పెట్టిన అంట."

"ఏందవ్వా, నీ పేరు కొట్టేస్తరు."

"కొట్టేస్తే కొట్టేయనీ. ఒంటి పీనుగను, నాకెందుకే ఇల్లు? నీకు పసిదున్నది. నేను చెట్టు కిందన్న పండుకుంట, పోయే దినం వస్తే..." అని ఆగింది. నాకు మిగతాది తెలుసు. పోయిన వానాకాలం ఆమె పెనిమిటికి ప్రాణం మీదికి వస్తే బాపురావు గదిలోంచి నులకమంచంతో సహా బయటికి మోయించారు, పీనుగ లేవద్దు కదా ఇంట్లోంచి, ఒక రోజంతా వేపచెట్టు కింద వానలో గోనెపట్టా కప్పుకుని పోయాడాయన. ఆ నాగవ్వ ఇల్లెందుకే అంటోంది. జున్ను నీకే అని బాపురావుతో నవ్వుతాలాడుతోంది. నాకు కడుపులోంచి ఏదో లేచింది, భయం అనుకున్నాను, నాకు లేచేది ఎప్పుడూ భయమే కదా, పిల్ల ఊపిరికి భయం, ఇంటామె అడుగుల చప్పుడుకు భయం, సీజను ఆగితే భయం. ఇది అది కాదు. ఇది వేడిగా ఉంది. పాతిన పొయ్యి, పురుడు, పీనుగ. మూడూ కావద్దన్న ఇల్లు ఇల్లెట్లా అవుతుంది? వండకూడదు, పుట్టకూడదు, చావకూడదు, మరి మేము లోపల ఉన్నట్టా లేనట్టా? నివాసము లేదు అని రాసిన ఆయన తప్పు రాయలేదు, ఉన్నదే రాశాడు.

జీపు వచ్చింది. అందరూ లేచారు, కూర్చున్నారు. తాసిల్దారు నడివయసు మనిషి, కళ్లద్దాల మీద దుమ్ము, ఎక్కడో భీమ్‌గల్ వైపు నుంచి వస్తున్నాడట, ఆలస్యమైందని చెప్పి నీళ్లు తాగాడు. బాపురావు గడ్డను చూపించి అంతా చెప్పాడు, పొగ, లొల్లి, కొట్టం. తాసిల్దారు గడ్డను వేలితో తాకి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, మామూలుగానే, "ఎవరు పెట్టింది ఇది?" అన్నాడు.

పిల్ల ముక్కులో గురగుర నాకు హాలంతా వినబడుతున్నట్టే ఉంది. మగవాళ్లు ఒకరి వంక ఒకరు చూసుకుంటున్నారు. పక్కన నాగవ్వ చేతులు నేల మీద ఆనించింది, మోకాళ్ల నొప్పులు, లేవడానికి ఆమెకు అంత సేపు పడుతుంది, దేవుడా, ఆ మోకాళ్లకు స్తోత్రం. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాను. దాని మీదే బలం పెట్టి లేచాను.

"నేను పెట్టిన సార్."

బెంచీల మధ్య నడిచాను, ఎంత దూరమో. పిల్లను చంకన ఎడమకు మార్చి, కుడిచెయ్యి ఆ గడ్డ మీద పెట్టాను. నాలుగు వేళ్లూ నాలుగు చాళ్లలో కూర్చున్నాయి. ఎవరూ అడగలేదు అట్లా చూపించమని. నాకే పెట్టాలనిపించింది, తెగిన భుజం మీద చెయ్యి పెట్టినట్టు.

"అది నీ ఇల్లని నీకెవరు చెప్పిండ్రమ్మా?" అన్నాడు తాసిల్దారు.

"నాదని పెట్టలేదు సార్. ఇల్లని పెట్టిన." గడ్డ మీంచి చెయ్యి తీయలేదు. "ఇరవై నాలుగు ఇండ్లు గట్టిండ్రు, ఒక్కదాంట్ల పొయ్యికి జాగ ఇడవలేదు. ఎనుక కిటికి కింద పెడితే పొగ చెర్క తోటల దిక్కు పోతది, గీ పటేలు వాకిట్లకు రాదు. కావాల్నంటే అంటువెట్టి సూడుండ్రి. పలగ్గొట్టిన కాడ మల్ల మెత్తుత."

"ఇంటున్నరా సార్, నోరు సూడుండ్రి!" బాపురావు లేచాడు. "సుమిత్రమ్మా, నీ కిరాయిదారే గద, జెప్పు ఎసొంటిదో."

సుమిత్రమ్మ లేవలేదు. కొంగు సర్దుకుంది. "రెండేండ్లు ఉన్నది బావా," అంది, నెమ్మదిగా. "గోడకొక మొల గూడ కొట్టలేదు. కాన్పుకు గూడ ఎల్లిపొమ్మంటే... ఎల్లిపోయింది." బాపురావు కూర్చున్నాడు.

తాసిల్దారు కాసేపు నన్ను, కాసేపు కాగితాన్ని చూశాడు. మనిషి నిర్దయుడు కాదు, మొహంలో కష్టం కనబడింది, అయినా కలం తీశాడు. రూలు రూలే అన్నాడు. లిస్టు ఉంటుంది, ఎవరి ఇండ్లు వాళ్లకే, రద్దు మాట లేదు, ముందుగా జొరబడిన పేరు మాత్రం ఉంచలేను అన్నాడు. పదకొండో నంబరు మీద గీత. నిలువుగా కాదు, అడ్డంగా, మెల్లిగా గీశాడు, ఆ చప్పుడు నాకు వినబడింది. వెనక ఎవరో ఆడమనిషి అయ్యో అంది. నాగవ్వ మాత్రం పచ్చి తిట్టు ఒకటి తిట్టింది, ఎవరినో తెలియలేదు. సరిగ్గా అప్పుడే రెండు గంటల కూత, ఫ్యాక్టరీ కూత ఊరంతా పట్టుకుని ఊపింది, పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది. దేవయ్య డ్యూటీ దిగుతాడు ఇప్పుడు. నోరు మూసుకున్నావా శారా అని అడుగుతాడు. ఏం చెప్పాలి. ఇరవై మూడు ఇండ్లు నిలబడ్డాయని చెప్పనా. మనది తప్ప.

తిరిగి పోయి కూర్చోవాలి. అందరూ దానికే ఎదురుచూస్తున్నారు. కాళ్లు తిరగలేదు.

"సార్, పేరు కొట్టేయబడ్డోళ్లు మల్ల దరఖాస్తు పెట్టొద్దని రూలున్నదా?"

ఆయన తల ఎత్తాడు. ఓవర్సీరు వంక చూశాడు. ఓవర్సీరు దేశం పటం వంక చూశాడు. "లేదు," అన్నాడు తాసిల్దారు. "గట్ల రూలేం లేదు. పెట్టుకోవచ్చు."

"అయితె కాగితమియ్యుండ్రి."

గుమాస్తా ఒక ఫారం తీశాడు, కలం తన చేతిలోనే పెట్టుకుని, సిరా డబ్బా మూత తీసి నా బొటనవేలి వైపు జరిపాడు, అలవాటుగా. ఏడుస్తున్న పిల్ల నోటికి కొంగు కింద రొమ్ము అందించాను. అది గుటకలు వేయడం మొదలుపెట్టింది. "వేలిముద్ర అక్కరలేదన్నా," అన్నాను, "నా వేళ్లు నాలుగు మీ బల్ల మీదనే ఉన్నయి. కలమియ్యి."

ఇచ్చాడు. ఆ గడ్డను పక్కకు జరిపి, దాని పక్కనే కాగితం పరుచుకుని వంగాను. చేతికి మట్టి ఉంది, కాగితానికి అంటింది, అంటనీ. అక్షరాలు మరిచిపోయానేమో అనుకున్నాను, మరవలేదు, మొదట రెండు వంకర పోయాయి, తర్వాత గుండ్రంగానే వచ్చాయి. పేరు: చందూరు శారమ్మ. పెనిమిటి: దేవయ్య. పని: ఇండ్లు కట్టుట. గుమాస్తా చదువుతూ కూలి అని రాయమన్నాడు. రాయలేదు. నాలుగో గడి దగ్గర ఆగాను. ప్రస్తుత నివాసం. వెనక ఎవరూ తోయడం లేదు. బాపురావు దగ్గు, కిటికీ దగ్గర సుమిత్రమ్మ గాజుల చప్పుడు, పిల్ల గుటకలు, ఒకటి, రెండు, మూడు, నేను లెక్కపెట్టడం ఆపేశాను. గడి చిన్నది, నా అక్షరాలు పెద్దవి, గీత దాటి పోతాయి, పోనీ. సిరా అద్ది రాశాను:

బడి వెనక, ఏడో నంబరు ఇల్లు, పొయ్యి దగ్గర.